ఇమ్లీ కోఠీలో ఎర్రమ్మ మాట

జగదల్‌పూర్ మెయిన్ రోడ్డు మీద ఇమ్లీ కోఠీ ఎక్కడని అడిగితే చంటిపిల్లాడైనా చూపిస్తాడు. కోఠీ అంటే పెద్ద ఇల్లు, ఇమ్లీ అంటే చింతపండు. అది మాత్రం అక్కడ దొరకదు, దొరికి ఎన్నేళ్లయిందో చెప్పేవాళ్లూ దొరకరు. ఇప్పుడు దొరికేది ఎర్రమ్మ వండే వేడన్నం, పప్పుచారు. సరుకు పోయినా పేరు పోలేదు, అంత మొండి ఇల్లు అది.

కట్టించింది ఇప్పటి యజమాని సోమారుకు తాత. అడవి నుంచి బళ్ల మీద వచ్చే చింతపండు దాచడానికి కింద ఒక పొడవాటి గది, పైన పెంకుల కప్పు. కొన్నాళ్లకు కిరందుల్ గనుల నుంచి విశాఖకు ఇనుపరాయి మోసే రైలు లైను వేస్తూ ఇంజనీర్లు అద్దెకు దిగారు. లైను పూర్తయి వాళ్లు పోయాక ఒక నర్సమ్మ మందులిచ్చింది. ఆమె తర్వాత కుట్టుమిషన్లు మోగాయి. ఆఖరికి, రైలుపట్టాల గ్యాంగ్‌మన్ అయిన మొగుణ్ణి పోగొట్టుకున్న ఎర్రమ్మ అక్కడ మెస్సు పెట్టింది. బొబ్బిలి అవతలి మనిషి. ఆమె ఇక్కడ పొయ్యి రాజేసి రెండు పుష్కరాలు దాటింది.

ఎవరొచ్చినా ఆ కోఠీకి ఏదో ఒకటి ఇచ్చే వెళ్లారు. ఎర్రమ్మకు ఎన్నాళ్లు చూసినా తీరని అబ్బురం అదే. చింతపండు తూచిన కాటా కొక్కేనికి ఇప్పుడు అరటిగెల వేలాడుతుంది. ఇంజనీర్లు పటాలు పరిచిన బల్ల మీద చపాతీలు ఒత్తుతారు. నర్సమ్మ మందుల కోసం కొట్టించిన చిన్న కిటికీలోంచి పళ్లేలు బయటికొస్తాయి. కుట్టుపనివాళ్లు వదిలేసిన అద్దంలో, డ్యూటీ దిగొచ్చిన డ్రైవర్లు తమ మొహాల మీది ఎర్రదుమ్ము చూసుకుని సిగ్గుపడి నీళ్లకు పరుగెడతారు.

"ఎంతమందిని సాకినాదో ఈ కొంప! మా అత్త కన్నా నయం," అనేది ఎర్రమ్మ. ఆ అత్తను ఎరిగినవాళ్లకు ఇదేమంత పెద్ద పొగడ్త కాదని తెలుసు.

ఆ వేసవిలో రాయ్‌పూర్ నుంచి ఫోన్ల కంపెనీవాళ్లు దిగారు. కోఠీ మొత్తం కావాలన్నారు, అద్దాల తలుపులు పెడతామన్నారు. సోమారు కొడుకులు ఎగిరి గంతేశారు. ఈ కబురు సోమారు నోట రాలేదు, భోంచేసేవాళ్ల నోట ఎర్రమ్మ చెవిన పడింది. అదే ఆమెను ఎక్కువ కాల్చింది. గెంటేదాకా ఉండటం కన్నా మర్యాదగా తానే తప్పుకోవాలనుకుంది. ఆ కోఠీని వదిలితే తనకు ఊపిరాడదనీ తెలుసు. అయినా పౌరుషం పౌరుషమే.

ఒక మధ్యాహ్నం, వడ్డనలు అయిపోయాక, సోమారు వచ్చాడు. ఎప్పుడూ వచ్చీ రాగానే బెంచీ మీద చతికిలబడే మనిషి ఆవేళ నిలబడే ఉన్నాడు.

"ఎర్రమ్మా, మెస్సు సంగతి నీ నోటితో చెప్పు. నా కొడుకులకు నేనేమని చెప్పను?" అన్నాడు హిందీలో.

వారం నుంచీ ఎర్రమ్మ తప్పుకుంటానన్న జవాబును హిందీలో వల్లె వేసుకుంటూనే ఉంది. కానీ కోపమొచ్చినా ఏడుపొచ్చినా ఆమె నోట్లో హిందీ నిలవదు. ఆవేళ రెండూ కలిసే వచ్చాయి. చేతులు జోడించింది.

"చాలు బాబూ, చాలు."

సోమారు ఆమె వంక చూసి, "ఠీక్ హై. నాకు ఈ మాటే కావాలి," అని గబగబా వెళ్లిపోయాడు. ఇన్నేళ్ల పరిచయం, ఉండమని మాటవరసకైనా అనలేదే అని ఎర్రమ్మ కడిగిన గిన్నెలనే మళ్లీ తోమింది.

సాయంత్రం వంటింట్లో ఇర్మెకు చెప్పింది. ఇర్మె గొల్లపల్లి నుంచి వచ్చి ఆమె దగ్గరే పనిలో కుదురుకున్న మనిషి. "ఏందమ్మా ఇది? నువ్వు బోతే నేనేడికి బోవాలె?" అని చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు పొద్దున రైలు గార్డు జయరావు ఉప్మా తింటుండగా కప్పు మీద దడదడమని చప్పుడైంది. ఎర్రమ్మ బయటికి వచ్చి చూస్తే పనివాళ్లు పెంకులు దింపుతున్నారు, కింద సోమారు నిలబడి పురమాయిస్తున్నాడు. ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"నాను కాలు బయటెట్టకముందే నెత్తిమీది కప్పు ఊడపీకేత్తావా? పొయ్యి మీద కుండైనా దించనీవా బాబూ?"

తెలుగు రాని సోమారుకు ఆమె తిడుతోందని మాత్రం అర్థమైంది. కంగారుగా లోపలికొచ్చి జయరావుతో హిందీలో మొరపెట్టుకున్నాడు.

"పోయినేడు ఈమె వంటింట్లో కారింది కదా గార్డ్ సాబ్! వానలొచ్చేలోపు పెంకులు మార్పిస్తున్నాను. దానికీ తిట్లేనా? కంపెనీవాళ్లను నిన్ననే పంపేశాను. కొడుకులు నాతో మాట్లాడటం లేదు. వాళ్లకు ఒకటే చెప్పాను. ఎర్రమ్మ 'చాలూ' అంది, రెండుసార్లంది, చేతులు జోడించి మరీ అంది. నడుపుతానన్న ఆడమనిషిని ఖాళీ చేయించడం మా ఇంటా వంటా లేదని చెప్పాను."

జయరావుకు పొలమారింది. హిందీలో చాలూ అంటే నడుస్తూ ఉండటం. కొట్టు చాలూ, బండి చాలూ, మెస్సు చాలూ. తెలుగులో చాలంటే ఏమిటో అతనికి చెప్పనక్కర్లేదు. దగ్గుతూ, నవ్వాపుకోలేక, అతను ఎర్రమ్మకు సంగతి వివరించాడు.

ఎర్రమ్మ నిలువునా చల్లబడిపోయింది. ఈ ముసలాయన నిన్న తనను వెళ్లగొట్టడానికి రాలేదు. కొడుకుల ముందు అడ్డం పెట్టుకోవడానికి ఒక్క మాట అడగడానికి వచ్చాడు. అలాంటివాణ్ణి ఇంత సేపూ తిట్టిందే! సిగ్గూ సంతోషమూ ఒక్కసారే ముంచుకొచ్చాయి.

జయరావు నవ్వు సోమారుకు అనుమానం తెప్పించింది. మొహం పాలిపోయింది. "గార్డ్ సాబ్, మీ తెలుగులో ఆ మాటకు వేరే అర్థం ఉందా?"

జయరావు చర్చి పెద్ద. అబద్ధమాడడని రైల్వే కాలనీ అంతా పేరు. 'ఈ సత్యసంధుడు నా కొంప ముంచుతాడు,' అనుకుంది ఎర్రమ్మ. జయరావు మూతి తుడుచుకున్నాడు. పళ్లెంలోకి చూశాడు, పెంకులు తీసిన చోట ఆకాశంలోకి చూశాడు.

"నాస్తా చాలూ హై, సోమారు జీ. బైఠియే," అన్నాడు.

టిఫిను నడుస్తూనే ఉంది, అందులో అబద్ధం లేదు. కానీ సోమారు కూర్చోలేదు. ఎర్రమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పు."

ఎర్రమ్మ కళ్లు తుడుచుకుంది. ఈసారి హిందీ ఒక్క ముక్క కూడా జారిపోలేదు. మెస్సు చాలూ, తన ఊపిరి ఉన్నంతకాలం చాలూ అని, ఆ చివరి అక్షరాన్ని సాగదీసి మరీ చెప్పింది. కొడుకులకు చెప్పిన మాట నిలిచిందన్న ఊరటతో సోమారు బెంచీ మీద కూలబడి, తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు.