డోలుకు తగిన మాట

అద్దం ముందు గడ్డం గీసుకుంటూ రామ్‌సింగ్ ఇంగ్లీషు మాటలు వల్లిస్తున్నాడు. "గ్రేస్‌ఫుల్... మెజెస్టిక్... ఎక్స్‌క్విజిట్..." ఒక్కో మాటా సబ్బు నురుగులోంచి తేలి, కిటికీ దాటి, గోదారి మీది మంచులో కలిసిపోతున్నట్టుంది.

"రాత్రి ఛాతీల మంట అంటివి. ఇయ్యాల పోకుంటేంది?" అంది భార్య ద్వాలి.

"ఢిల్లీ నుంచి వస్తున్నరు. పోవాలె."

రామ్‌సింగ్ పొట్టి మనిషి, బక్క పలచన. గొంతు మాత్రం ఆ ఒంటికి మించినది. భద్రాచలం అడవి ఊళ్లకు వచ్చే పెద్దలకు అక్కడి ఆటపాటల్ని మైకులో ఇంగ్లీషున పరిచయం చేయడం అతని ఉద్యోగం. ఆ భాష అతనికి బడిలో అబ్బలేదు. కుర్రతనంలో మధిర స్టేషన్లో నీళ్లు మోసేటప్పుడు స్టేషన్ మాస్టరు ఇంటి రేడియో వినేవాడు. కచేరీకి ముందు ఎవరో ఇంగ్లీషులో నిదానంగా చెప్పే నాలుగు ముక్కల్లో, పాటను వర్ణించే మాటలే అతన్ని పట్టుకునేవి. రుచి ముందు తెలిసేది, అర్థం తర్వాత. పెళ్లయిన కొత్తలో ద్వాలి కుట్టిన అద్దాల రవికె చూసి "ఎక్స్‌క్విజిట్" అన్నాడు.

"తిట్టినవా, మెచ్చినవా?" అని అడిగిందామె. ఇప్పటికీ కూర బాగా కుదిరితే, "గా మాట అనవా?" అని నవ్వుతుంది.

జీపు టేకుచెట్ల మధ్య పోతుంటే పొగమంచు అద్దానికి తగిలి విడిపోతోంది. డ్రైవరు రెడ్యా ఏదో చెబుతున్నాడు. రామ్‌సింగ్‌కు సగమే వినపడుతోంది. ఒళ్లో, మైకులో చదవమని ఆఫీసరు రాసిచ్చిన కాగితం ఉంది. ఏటా అదే కాగితం. మొదటి వరుసలోనే "ప్రిమిటివ్" అని ఉంటుంది.

కోయగూడెంలో మగవాళ్లు అడవిదున్న కొమ్ములు తలలకు కట్టుకుంటున్నారు. ఆడవాళ్ల వరుసకు పెద్ద అయిన ముత్తక్క గజ్జెలు బిగించుకుంటూ అతన్ని పిలిచింది.

"సారూ, పోయినేడు గూడ మా గురించి ఒక్క మాట మల్లమల్ల అన్నవు. ప్రిమిటి... ఏందది?"

దాటేద్దామనుకున్నాడు. ఆమె కళ్లు వదల్లేదు.

"పాతకాలపోళ్లు, ఇంకేం నేర్వలేదు అన్నట్టు."

ముత్తక్క పగలబడి నవ్వింది. "నేర్వకుంటనే ఇంతమంది కాళ్లు ఒక్కతీర్గ పడుతున్నయా?" నవ్వు ఆగాక వంగి రెండో కాలి గజ్జె కట్టుకుంది. ఆ మాట అతనికి గుచ్చుకుంది.

రామ్‌సింగ్ వెళ్లి డోలు కొట్టే పగిడయ్య పక్కన కూర్చున్నాడు. "తాతా, గీ దరువు ఎట్లుంటదని చెప్పాలె?"

ముసలాయన తోలు మీద అరచెయ్యి ఆనించాడు. "చచ్చిపోయిన మా పెద్దల్ని పిలిచే దరువిది. నిద్రపోయేటోళ్ల పక్కన కూసోని పిలుస్తమే, గట్ల కొట్టాలె. గట్టిగ కొడితే బెదురుతరు."

ఢిల్లీవాళ్లు వచ్చి కుర్చీల్లో కూర్చున్నారు. రామ్‌సింగ్ మైకు అందుకున్నాడు. కాగితం జేబులోనే ఉంది. మెజెస్టిక్ నోటి దాకా వచ్చి పోయింది. వైల్డ్ వచ్చింది, దాన్నీ పోనిచ్చాడు. ఎండ పొగమంచులోంచి కొమ్ముల మీదికి దిగుతోంది. అప్పుడు మధిర రేడియోలోని ఆ నిదానమైన గొంతు తనలోంచే పలికినట్టు, "జెంటిల్" అన్నాడు.

కొమ్ముల వీరులను చూస్తున్న ఢిల్లీ ఆవిడ కనుబొమలు ఎత్తింది. డోలు మొదలైంది. కాసేపటికి ఆవిడ ఆట చూడడం మాని, కళ్లు మూసుకుని వింది. పోయేటప్పుడు జట్టును ఢిల్లీకి పిలుస్తామంది.

"రాసిచ్చింది చదవలేదేం?" అన్నాడు ఆఫీసరు.

"వీళ్లకది సరిపోదు సార్."

ఆఫీసరు కారెక్కాడు.

రామ్‌సింగ్ మద్దిచెట్టుకు ఆనుకుని కూలబడ్డాడు. చెమట పట్టింది. అయినా మనసంతా తేలిగ్గా ఉంది. ముత్తక్క ఆకుదొప్పలో వేయించిన ఇప్పపూలు తెచ్చింది.

"ఇయ్యాల ఏమన్నవు సారూ?"

"మెత్తగ ఉంటదన్న."

ఆమె తృప్తిగా తలూపి వెళ్లింది. అతను నాలుగు పూలు నోట్లో వేసుకున్నాడు. ఆ తీపికి ఇంగ్లీషులో ఏమంటారో వెతుకుతూ కళ్లు మూసుకున్నాడు.

మైకు సర్ది రెడ్యా వచ్చాడు. "అన్నా, పోదాం." భుజం తట్టాడు. మళ్లీ తట్టాడు. తర్వాత అతని పక్కనే మోకాళ్ల మీద కూర్చుండిపోయాడు.

ఆకుదొప్పలో మిగిలిన ఇప్పపూలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.