అవ్వ ఇచ్చేసిన నోటు

ఏటా పరీక్షలు కాగానే మా అవ్వ చెంగమ్మ ఇంట్లో సగం రాసిన నోటుబుక్కులన్నీ విప్పుతుంది. తెల్లకాగితాలను దబ్బనంతో కుట్టి కొత్త పుస్తకాలు చేస్తుంది. రాసిన కాగితాలను వీధి చివర శనక్కాయల బండాయనకు పొట్లాల కోసం ఇచ్చేస్తుంది.

ఈసారి నా కెమిస్ట్రీ నోటు కూడా పోయింది.

"దాన్నెందుకు ఇచ్చినావు అవ్వా?" అని అరిచాను.

"రాసేసిన కాయితాలే గదే ఇచ్చింది. ఇంక నీకు దేనికి?"

నెల రోజులుగా కోచింగ్ ఎగ్గొట్టి కోడంబాక్కంలో సినిమా డబ్బింగ్ నేర్చుకుంటున్న సంగతంతా అందులోనే వెనక పేజీల్లో రాసుకున్నాను. మా ఇంట్లో మాట్లాడేది తెలుగే కానీ నాతో సహా ఎవరికీ తెలుగు అక్షరాలు రావు. అందుకే తెలుగును తమిళ అక్షరాల్లో రాశాను. స్కూల్లో ఎవరు చూసినా అర్థం కాకూడదని నా తెలివి! ఇంట్లోవాళ్ళకు అర్థమవుతుందని తట్టని పాడు తెలివి.

బండి దగ్గరికి పరుగెత్తాను. కెమిస్ట్రీ పాఠాలు మిగిలాయి. ఆ పేజీలు లేవు. మేముండే పురసవాక్కంలో అంతా తమిళులే, ఆ రాత ఎవరికర్థమవుతుందిలే అనుకుంటూ ఇంటికొచ్చాను.

వాకిట్లో నాన్న శనక్కాయలు తినేసి, పొట్లం కాగితాన్ని తొడమీద సాపు చేస్తున్నాడు.

"రంజనీ, దా ఈడికి. ఎవురో మనోళ్ళే, తెలుగును తమిళంలో రాసిండారు. రొంబ తమాషాగా ఉండాది. అద్దాలు లేక నాకు సరిగా కనపడలా. నువ్వు గట్టిగా చదువు."