ఈ నెల మేమేం చేస్తున్నామంటే

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ నెత్తిన, మూడో అంతస్తులో, ముగ్గురంటే ముగ్గురు మనుషులతో నడిచే డిజైన్ స్టూడియో ఒకటుంది. వెబ్‌సైట్లు, యాప్‌లు, పచ్చళ్ల కంపెనీలకు లోగోలు చేస్తారు. వాళ్ల సొంత వెబ్‌సైట్‌లో నెలనెలా ఒక పేజీ వస్తుంది. స్టూడియోలో ఎవరు ఏం చదువుతున్నారు, ఏం చూస్తున్నారు, ఏం చేస్తున్నారు అని. అది చదివినవాళ్లకు అబ్బో, వీళ్లు మనుషులా దేవతలా అనిపిస్తుంది. అంతా పచ్చి అబద్ధం. ఆ అబద్ధాలన్నీ పోగేసి రాసేది కృష్ణకుమారి.

ఆ శుక్రవారం కూడా నోట్‌బుక్ పట్టుకుని బయల్దేరింది. ముందు ఉపేంద్ర. బొమ్మలు కదిలించే పని వాడిది.

"ఏం చదువుతున్నవ్‌రా?"

ఉపేంద్ర డ్రాయర్‌ని మోకాలితో గభాల్న మూశాడు. "జపానోళ్ల తోటల మీద ఒక పుస్తకం అక్కా."

"చూసుడు?"

"ఇరాన్ సిన్మా. మాటలుండయ్."

"ఆదివారం ఏం చేస్తున్నవ్?"

"కుండలు చేసుడు నేర్చుకుంటున్న."

తాగిన టీ కప్పు కడగడం రాదు గానీ కుండలు చేస్తాడట వెధవ. కృష్ణకుమారి మొహంలో ఏమీ కనపడనీయకుండా రాసుకుని, అద్దాల గదిలోకి పోయింది. అక్కడుండేది యజమాని గౌతమ్. తెనాలి వైపు నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడిన కుటుంబం.

"ఆదివారమంతా మౌనం అని రాయి కుమారీ. ఫోన్ ఆఫ్. డిజైనర్‌కి నిశ్శబ్దం చాలా అవసరం," అన్నాడు గౌతమ్. ఆయన పట్టుమని పది నిమిషాలు నోరు మూసుకుని కూర్చోగా ఆ స్టూడియోలో ఎవరూ చూసిన పాపాన పోలేదు. "మరి నువ్వేం చేస్తున్నావు?"

"భువనగిరి గుట్ట ఎక్కుతున్న సార్. ట్రెక్కింగ్."

"సూపర్. దాన్ని అన్నిటికన్నా పైన పెట్టు."

పెట్టింది. పెట్టక ఏం చేస్తుంది? నిజం రాస్తే కొంపలంటుకుంటాయి. ఆమె చదివేది తెలంగాణ చరిత్ర, ఆర్థిక వ్యవస్థ. అది కూడా డిజైన్ పుస్తకం అట్ట తొడిగి. చూసేది కరెంట్ అఫైర్స్ వీడియోలు. ఆదివారం చేయబోయేది సర్కారు కొలువు పరీక్ష రాయడం.

మొదటిసారి నాలుగు మార్కుల్లో పోయింది. రెండోసారి రెండు మార్కుల్లో పోయింది. ముప్ఫై నాలుగేళ్లు వచ్చాయి. "అమ్మా, ఇదే ఆఖరుసారి. రాకుంటే మళ్ల ఆ మాట ఎత్త," అని తల్లి సైదమ్మకు చెప్పేసింది. సైదమ్మ తెల్లవారుజామున చదువుకునే కూతురికి ఆ రోజు నుంచి పెద్ద గ్లాసులో చాయ్ పోయడం మొదలుపెట్టింది. తొమ్మిదేళ్లుగా బటన్లకు రంగులు మార్చీ మార్చీ కృష్ణకుమారికి రోత పుట్టింది. తను ఒక సంతకం పెడితే ఎక్కడో ఒక ముసలామెకు పింఛను రావాలి, ఎవరి చేనుకో కరెంటు రావాలి. అలాంటి కుర్చీ ఒకటి కావాలి. ఆమె కోరికల్లా అదే.

శనివారం మధ్యాహ్నం, స్టూడియోలో ఎవరూ లేనప్పుడు, హాల్ టికెట్ తెరిచింది. అయ్యో రామా! దరఖాస్తు పెట్టినప్పుడు హడావుడిలో తన ఫోటోని తనే అడ్డంగా సాగదీసి ఎక్కించింది. మొహం ఊతప్పంలా ఉంది. మామూలు మనిషైతే నవ్వుకుని ప్రింట్ తీసుకుని ఇంటికి పోయేది. ఈవిడ డిజైనర్ కదా, చేతులు ఊరుకోవు కదా! ఫోటో ఒక్కటీ సరిచేద్దామనుకుంది. ఫోటో సరయ్యేసరికి పక్కనున్న పేరు వంకరగా కనపడింది. పేరు జరిపితే నంబరు ఒంటరిదైపోయింది. అక్షరాలు మార్చింది, గీతలు సన్నం చేసింది, సూచనలన్నీ రెండు వరుసల్లో సర్దింది. గంటన్నరకు హాల్ టికెట్ పెళ్లి శుభలేఖలా తయారైంది. దాన్నే ప్రింట్ తీసి, మురిపెంగా రెండుసార్లు చూసుకుని, ఫైల్లో పెట్టుకుంది.

ఆదివారం పొద్దున ఎల్బీ నగర్‌లో, మెట్రో దిగి పది నిమిషాలు నడిస్తే వచ్చే స్కూలు. గేటు దగ్గర బల్ల వేసుకుని కూర్చున్న టీచరమ్మ ఆ హాల్ టికెట్‌ని అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"ఏందమ్మా గిది? ఇంటికాడ తయారు చేసుకొచ్చినవా?"

"లేదు మేడం, అసలుదే. జర సర్దిన, గంతే."

"సర్దనీకి ఇదేమన్న చీరనా?" టీచరమ్మ తన దగ్గరున్న జాబితాలో ఫోటో మీద వేలు పెట్టింది. "ఈమె మొహం గింత వెడల్పుంది. నువ్వేమో బక్కగున్నవ్. నువ్వు నువ్వే అని నాకెట్ల తెల్వాలె? పో, అసలుది తీసుకరా. తొమ్మిదిన్నరకు గేట్ పడ్తది."

గోడ గడియారంలో తొమ్మిదీ ఆరు. ఫోన్ ఇంట్లో ఉంది. లోపలికి తేవద్దన్నారని బుద్ధిగా వదిలేసి వచ్చింది. నా చేతులు విరిగిపోను, ఎవడు సర్దమన్నాడు నన్ను, అని తనను తాను తిట్టుకుంటూ వరుసలోంచి పక్కకు వచ్చింది.  

"కుమారీ?"

వెనక వరుసలో గౌతమ్. ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో హాల్ టికెట్.

"మీరు మౌనం గదా సార్?"

"నువ్వు గుట్ట మీద ఉండాలి కదా?"

ముందు వరుసలో ఒకడు హాల్ టికెట్‌ని గబుక్కున మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. వాడు ఉపేంద్ర. కుండలు చేసేవాడు. ఇంకో సమయంలో అయితే పడీ పడీ నవ్వేది. ఇప్పుడు జరిగిందంతా రెండు ముక్కల్లో చెప్పి వెక్కింది.

గౌతమ్ ఆ కాగితం చూశాడు, ఆమె మొహం చూశాడు. "ఏడుపు తర్వాత. బండెక్కు. నా ఫోన్ డిక్కీలో ఉంది."

"మీ లైన్ పోతది సార్."

"ఎక్కమంటున్నానా!"

తన హాల్ టికెట్ ఆమె చేతిలో పెట్టి స్కూటర్ తీశాడు. "ఇది నాలుగోసారి రాయడం," అన్నాడు వెనక్కి తిరక్కుండా. "మా నాన్నగారికి స్టూడియో అంటే ఇప్పటికీ ఫోటోలు తీసే కొట్టే. మావాడు ఇంకా స్థిరపడలేదండీ అని అందరికీ చెప్తుంటారు." కృష్ణకుమారి చేతిలో కాగితం గాలికి రెపరెపలాడింది. పుట్టిన తేదీ కనపడింది. ఆఫీసులో నలభై అని చెప్పుకునే మనిషికి నలభై ఆరు. లెక్క వేసుకుంటే వచ్చే ఏడాదికి దరఖాస్తు పెట్టే వయసే దాటిపోతుంది.

ఆదివారం కదా, రెండు జిరాక్స్ షాపులు మూసి ఉన్నాయి. మూడోది తెరిచి ఉంది గానీ లోపల అరడజను మంది. గౌతమ్ అందరినీ తోసుకుని, తిట్లు తిని, ఫోన్ అందించాడు. ఆమె తొందరలో వెబ్‌సైట్‌లో హాల్ టికెట్ నంబరు ఒకసారి తప్పు కొట్టింది. రెండోసారికి వచ్చింది. ప్రింటర్‌లోంచి ఊతప్పం మొహం నెమ్మదిగా బయటికి వస్తుంటే, జన్మలో తన ఫోటో తనకు అంత అందంగా ఎప్పుడూ కనపడలేదు.

తిరిగి వచ్చేసరికి స్కూలు రోడ్డుకి అడ్డంగా పోలీసులు బారికేడ్ పెట్టేశారు. బండ్లు పోనీయట్లేదు. గేటు పడడానికి ఇంకా రెండు నిమిషాలే ఉంది.

"నువ్వు పరుగెత్తు. నేను బండి పక్కన పడేసి వస్తా," అని గౌతమ్ తన హాల్ టికెట్ లాక్కున్నాడు.

పరుగెత్తింది. చెప్పు తెగితే అక్కడే వదిలేసి పరుగెత్తింది. టీచరమ్మ జాబితాలో మొహంతో కాగితం మీది మొహం సరిచూసి, "ఆఁ, గిప్పుడు నువ్వే," అని లోపలికి పంపింది. వెనకాల ఇనప గేటు ధడాల్న పడింది.

తిరిగి చూస్తే గేటు బయట గౌతమ్. చొక్కా చెమటతో తడిసిపోయింది. రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఊపిరి అందక నిలబడ్డాడు.

"అన్నా, నా కోసమే లేటయిండన్నా ఆయన! జర తెరువన్నా, నీ కాల్మొక్తా!" కృష్ణకుమారి గేటు వేసిన కానిస్టేబుల్ మీద పడింది.

"టైమైందమ్మా. నా చేతుల ఏం లేదు. నువ్వు పో."

ఆమె కదల్లేదు. గౌతమే అరిచాడు. "ఇంకా ఇక్కడేం చేస్తున్నావు, పో! కుమారీ, బబుల్స్ అందంగా దిద్దుతూ కూర్చోకు! నల్లగా ఉంటే చాలు!"

గదిలో కిటికీ పక్కన బెంచీ దొరికింది. పేపర్ ఇచ్చారు. కళ్లనిండా నీళ్లు, ఒక్క అక్షరం కనపడట్లేదు. ఇన్నాళ్లూ పోతే నేనొక్కదాన్నే పోతాననుకుంది. ఇప్పుడు పోతే ఇద్దరూ పోయినట్టే. దుర్మార్గుడు, ఎంత బరువు నెత్తిన పెట్టి పోయాడు అని కసిదీరా తిట్టుకుని, చున్నీతో మొహం తుడుచుకుని పెన్ను తీసింది. తొందరలో జవాబు పత్రంలో మొదటి బబుల్ చుట్టూ సిరా పిచ్చిగా పాకింది. దాని వంక రెండోసారి చూడకుండా కింద ప్రశ్నకు పోయింది.