రిమార్కుల గడి

ఆ చిన్న కారు తయారీని కంపెనీ ఆపేసి పదిహేనేళ్ళయింది. ఆపేసిన కంపెనీకి లేని దిగులంతా కొనుక్కున్నవాళ్ళకు పట్టుకుంది. నెలలో మొదటి ఆదివారం ఉదయం, మూతబడ్డ సినిమా హాలు వెనక ఖాళీ స్థలంలో పాతిక ముప్ఫై కార్లు చేరతాయి. మిగతా రోజుల్లో ఫోనులో గ్రూపు. ఒకరికి బ్రేకు కీచుమంటుంది, ఒకరికి ఏసీ వేస్తే బండి మూలుగుతుంది, ఒకరు కొత్త హారను పెట్టించి దాని మోతను పూటకోసారి రికార్డు చేసి పంపుతారు. "లీటరుకు ఎంత ఇస్తోంది?" అన్న ప్రశ్న పడిందా, ఇరవైకి తక్కువ చెప్పిన మొనగాడు లేడు. ఉన్నదున్నట్లు పద్దెనిమిదీ పాయింటు మూడు అని చెప్పేది ఒక్కడే. ఆయన్ని అందరూ తూకం బాబాయి అంటారు.

దుకాణాల్లో దొంగ తూకపు రాళ్ళు పట్టుకునే ఇన్‌స్పెక్టరుగా ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. అంకె అంటే నమ్మకం, మాట అంటే అనుమానం. గ్రూపులో ఉన్న కట్టుబాటు కూడా ఆయన పెట్టిందే. ప్రతి కారుకూ ఒక పుస్తకం ఉండాలి. తేదీ, తిరిగిన కిలోమీటర్లు, పోయించిన పెట్రోలు, చేయించిన పని, చివర రిమార్కులు, మొత్తం ఐదు గడులు. కారు అమ్మితే పుస్తకమూ దాని వెంటే పోవాలి. ఒకసారి బేకరీ ఆయన కారు అమ్మేసి పుస్తకం మాత్రం గుర్తుగా అట్టేపెట్టుకుంటే, తూకం బాబాయి అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు.

"పుస్తకం కారుదయ్యా, నీది కాదు. రోగిని ఇంకో ఆస్పత్రికి పంపి కేసు షీటు ఇంట్లో దాచుకుంటావా?"

బేకరీ ఆయన మొహం మాడ్చుకుని మర్నాడే పుస్తకం ఇచ్చొచ్చాడు. ఆ మాట ఇప్పటికీ కొత్తవాళ్ళకు చెబుతుంటారు.

తూకం బాబాయి కారు పుస్తకం ఆయన భార్య రాసేది. బంకులో పెట్రోలు పోయించాక ఆయన అంకెలు చదివేవాడు, ఆవిడ పక్క సీటులో పుస్తకం ఒళ్ళో పెట్టుకుని రాసేది. ఇంటికి వచ్చాక ఆయన లెక్క కట్టేవాడు. లెక్కకు అడ్డం రాకుండా ప్రతి పేజీనీ నాలుగో గడి దగ్గర నిలువుగా వెనక్కి మడిచేవాడు. మడతకు అవతల ఆవిడ ఏం రాస్తోందో పన్నెండేళ్ళలో ఒక్కసారీ చూడలేదు. ఏముంటుంది, గాలి కొట్టించాం అని ఉంటుంది, అంతే కదా అనుకునేవాడు.

ఆవిడ పోయిన మూడో నెలలో కారు అమ్మేశాడు. కళ్ళు సరిగా ఆనడం లేదని గ్రూపులో చెప్పాడు. అసలు సంగతి, ఆ పక్క సీటు ఖాళీగా కనబడుతుంటే గేరు వెయ్యడానికి చెయ్యి రాలేదు. కొన్నది ప్రభుత్వాసుపత్రి నర్సమ్మ, ముప్ఫై అయిదేళ్ళ మనిషి, పొద్దున్నే డ్యూటీకి బస్సు దొరక్క కొనుక్కుంది. కట్టుబాటు ప్రకారం తాళాలతోపాటు పుస్తకమూ ఆవిడ చేతిలో పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేశాడు.

నాలుగు నెలలకు నర్సమ్మ ఫోనులో మెసేజి పెట్టింది. "బాబాయి గారూ, ట్రాఫిక్‌లో ఆగితే వేడి ముల్లు పైకి ఎక్కిపోతోంది. రోడ్డు ఖాళీ అయితే దిగిపోతోంది. ఇదివరకు కూడా ఇలాగే అయినట్లు పుస్తకంలో ఉంది, చూడండి." కింద పేజీ ఫోటో.

ఇందులో చూడ్డానికేమీ లేదు. ఆగినప్పుడు వేడెక్కి, కదిలితే చల్లబడుతోందంటే రేడియేటరు ఫ్యాను తిరగడం లేదన్నమాట. ఆ కారులో ఫ్యాను వైరు పిన్ను వదులవుతుంది, తుడిచి బిగిస్తే సరి. రెండు ముక్కల జవాబు. రాద్దామని కళ్ళజోడు సవరించుకున్నాడు. ఫోటోలో పేజీ పూర్తిగా విప్పి ఉంది. మధ్యలో తన మడత గీత. దానికి అవతల సన్నటి, గుండ్రటి అక్షరాలు.

"టిక్కు టిక్కు. ఆయన 'ఉష్' అన్నారు. చెప్పబోయింది: మేడ మీద బట్టలు ఆరేసి వచ్చాను, మబ్బు పట్టేలా ఉంది."

తూకం బాబాయి ఫోను బల్ల మీద పెట్టి, మళ్ళీ తీశాడు. ఆ టిక్కు టిక్కు ఆయనకు బాగా తెలుసు. ఆరేళ్ళపాటు ఆవిడ కూర్చునే వైపు నుంచి వచ్చిన చప్పుడు. డాష్‌బోర్డులోంచే అని తీర్పు చెప్పేసి, దాన్ని మూడుసార్లు విప్పించాడు, గ్రూపులో ముప్ఫై మంది చేత సలహాలు చెప్పించుకున్నాడు, దొరకలేదు. రోడ్డు కాస్త గతుకుగా ఉంటే మొదలయ్యేది. ఆవిడ ఏదో చెబుతుండేది, ఈయన చెయ్యి పైకెత్తి "ఉష్, ఉండు, విననీ" అనేవాడు. ఆవిడ ఆగిపోయేది. ఆ సాయంత్రం బట్టలన్నీ తడిసి ముద్దయితే, ముందే చెప్పొద్దూ అని ఆవిడ మీదే ఎగిరాడు. అది కూడా గుర్తొచ్చింది.

ఫ్యాను సంగతి రాయలేదు. "ముందు నెల పేజీ కూడా పంపమ్మా" అని రాశాడు.

ఆ పేజీ వచ్చింది. "ఉష్. చెప్పబోయింది: నిన్న కలలో మీకు తల నిండా జుట్టుంది." బట్టతల తడుముకుని చిన్నపిల్లాడిలా నవ్వాడు, ఒంటరిగా, వంటింట్లో నిలబడి. ఇంకో పేజీ అడిగాడు. "ఉష్. చెప్పబోయింది: అన్నయ్య ఫోను చేశాడు, అమ్మకు బాగాలేదట." ఈసారి నవ్వు రాలేదు. ఆ రోజు వైపర్లు మార్పించడానికి విడిభాగాల కొట్లో రెండు గంటలు బేరమాడాడు. ఆవిడ కారులోనే కూర్చుంది. ఇంటికొచ్చి చెప్పులు విప్పాక గానీ తల్లి మాట ఎత్తలేదు.

ఇంక ఆయనకు వేరే పని లేకపోయింది. ఆవిడ గొంతు ఎలా ఉండేదో కొంచెం కొంచెంగా మరిచిపోతున్నానని లోలోపల హడలిపోతున్న మనిషికి, ఆవిడ చెప్పకుండా మింగేసిన మాటలు ఒక పుస్తకం నిండా ఉన్నాయని తెలిసింది. అన్నీ కావాలి. ప్రతి ఒక్కటీ కావాలి. పుస్తకం ఒక్కసారి ఇవ్వమ్మా అని అడిగితే పోయేది. కానీ ఏ మొహం పెట్టుకుని అడుగుతాడు? పుస్తకం నీది కాదు అని ఊరందరి ముందూ గొంతు చించుకున్నది తనేనాయె. అందుకని వైద్యం వంకతో పేజీలు లాగడం మొదలుపెట్టాడు. గత ఏడాది వానాకాలం పేజీ పంపు, వేడికి మూలం అక్కడ ఉండొచ్చు. అంతకుముందు టైర్లు మార్చిన పేజీ పంపు, దానికీ దీనికీ సంబంధం ఉంటుంది. టైర్లకూ రేడియేటరుకూ ఏం సంబంధమో ఆ దేవుడికే తెలియాలి. నర్సమ్మ మాత్రం పాపం, పెద్దాయనకు ఏదో లోతు తెలుసు అనుకుని డ్యూటీ దిగి వచ్చి ఒక్కో పేజీ ఫోటో తీసి పంపేది.

ఒక పేజీలో "ఈరోజు చప్పుడు లేదు. ఊరవతల దాకా మాట్లాడుకుంటూ వెళ్ళాం. చాలా బాగుంది" అని ఉంది. ఏం మాట్లాడుకున్నారో ఆయనకు ఒక్క ముక్కా గుర్తు రాలేదు. ఆ పూట కిలోమీటర్లు డెబ్భై రెండు, పెట్రోలు నాలుగు లీటర్లు. అవి మాత్రం చూడకుండా చెప్పగలడు. ఆ రోజు ఆయన అన్నం తినలేదు.

ఇలా పదహారు రోజులు గడిచాయి. పదిహేడో రోజు ఉదయం ఎనిమిదింటికి, పెద్ద కూడలిలో, నర్సమ్మ కారు ముందు భాగంలోంచి ఆవిరి బుస్సున లేచి బండి ఆగిపోయింది. ఎండలో రెండు గంటలు నిలబడి, ఎవరో ఒక మెకానిక్కును పట్టుకొచ్చుకుంది. అతను మూత ఎత్తి ఒక్క నిమిషం చూసి, వైరు పిన్ను బిగించి, "ఇంతేనమ్మా, ఎవరూ చెప్పలేదా?" అన్నాడు.

ఆ మాటే ఆవిడ గ్రూపులో పెట్టింది. ఇంకేమీ రాయలేదు. తూకం బాబాయికి తల కొట్టేసినట్లయింది. ముప్ఫై ఏళ్ళు తప్పుడు తూకాలు పట్టినవాడు, తనే త్రాసు కింద వేలు పెట్టాడు.

ఆ వచ్చిన ఆదివారం బస్సెక్కి సినిమా హాలు వెనక్కి వెళ్ళాడు. నర్సమ్మ తన కారు పక్కనే నిలబడి ఉంది. నమస్కారం కూడా పెట్టలేదు.

"బాబాయి గారూ, నేను రాలేదని ఇంకో అమ్మాయి రాత్రంతా చేసిన డ్యూటీ మీద ఇంకో మూడు గంటలు నిలబడింది. కాళ్ళు వాచిపోయాయి దానికి. మెకానిక్కు నిమిషంలో చెప్పాడు. మీకు తెలీదంటే నేను నమ్మను."

"తెలుసమ్మా," అన్నాడు. చుట్టూ నలుగురూ చేరారు. బేకరీ ఆయన ముందే ఉన్నాడు. తూకం బాబాయి దాచుకోకుండా చెప్పేశాడు. "మొదటి రోజే తెలుసు. చెబితే నువ్వు పేజీలు పంపడం ఆపేస్తావని చెప్పలేదు. ఆ చివరి గడిలో మా ఆవిడ రాత ఉంది. నేనెప్పుడూ చదవలేదు. పుస్తకం అడుగుదామంటే, నేను పెట్టిన కట్టుబాటే నా నోరు నొక్కింది. నాకు బుద్ధి లేకపోయింది. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది."

బేకరీ ఆయన దెప్పడానికి ఇంతకు మించిన అదను దొరకదు. అయినా పక్కనున్న కారు బానెట్టు మీద లేని దుమ్ము తుడుస్తూ నిలబడ్డాడు.

నర్సమ్మ కోపం దిగడానికి కాస్త సమయం పట్టింది. "ఆ గడి నేను మొదటి నెలలోనే చదివేశాను," అంది చివరికి. "మీరూ చదివే ఉంటారనుకున్నాను. ఎవరైనా చదవకుండా ఎలా ఉంటారు, బాబాయి గారూ?"



ఆవిడ కారు తలుపు తీసి, అట్టకు గుడ్డ కుట్టిన ఆ లావుపాటి పుస్తకం బయటికి తీసింది. "ఇది మీకు ఇవ్వను. కట్టుబాటు కట్టుబాటే."

"ఇవ్వొద్దమ్మా."

"కానీ కారులో కూర్చుని ఎవరైనా చదవొచ్చు. నాకు పెట్రోలు పోయించుకోవాలి. అంకెలు నేను చెబుతాను, మీరు రాద్దురు గాని. ఎక్కండి."

ఆయన పక్క సీటులో కూర్చున్నాడు. పన్నెండేళ్ళు నడిపిన కారులో అటువైపు కూర్చోవడం అదే మొదటిసారి. అక్కడి నుంచి చూస్తే స్టీరింగు ముందున్న ముళ్ళూ అంకెలూ ఏవీ కనబడవని కూడా అప్పుడే తెలిసింది. కనబడేదల్లా నడిపే మనిషి మొహం.

"చివరి పేజీ మీరు అడగనే లేదు," అంది నర్సమ్మ కారు కదిలిస్తూ. "మీ ఆవిడ రాసిన చివరిది. అది చూడండి."

పుస్తకం ఒళ్ళో పెట్టుకుని తెరిచాడు. ఆ పేజీకి మడత లేదు. అది నిండకముందే ఆవిడ ఆస్పత్రిలో చేరింది, లెక్క కట్టే ఓపిక ఆయనకు లేకపోయింది. అంకెల గడులు దాటి చూశాడు.

"చప్పుడు ఏమిటో నాకు తెలుసు. ఆరేళ్ళ కిందట పోయిన నా తలపిన్ను. అద్దం సందులోంచి తలుపులోకి పడింది. పోయిన ఏడాది ఇంకొకటి జారిపడితే చప్పుడు రెట్టింపయింది, అప్పుడు తెలిసింది. మూడుసార్లు చెప్పబోయాను. మూడుసార్లూ ఉష్ అన్నారు. ఇంక చెప్పను. దాని కోసమైనా నా వైపు వంగి చెవి పెడుతున్నారు."

తూకం బాబాయి రెండోసారి చదవబోయాడు గానీ అక్షరాలు అలుక్కుపోయాయి. కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడిచాడు. తప్పు అద్దాలది కాదు. ఆవిడను ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదైనా చెప్పమని అడగాలనిపించింది. ఎంత చిన్న మాటైనా సరే, ఆరేసిన బట్టల సంగతైనా సరే.

కారు సినిమా హాలు సందు దాటి గతుకుల రోడ్డు మీదికి వచ్చింది.

"రేపు తలుపు విప్పించి ఆ పిన్నులు తీయించి మీకు ఇచ్చేస్తాను," అంది నర్సమ్మ. "అన్నట్లు బాబాయి గారూ, మొన్న మా వార్డులో ఒక ముసలాయన..."

టిక్కు టిక్కు.

ఆయన మోచేతి పక్కనే, తలుపులోంచి. నర్సమ్మ చటుక్కున మాట ఆపేసి, స్టీరింగు మీది ఒక వేలు పైకెత్తింది. "అదిగో. వినండి, వినండి."

తూకం బాబాయి తలుపు మీద అరచెయ్యి ఆనించాడు. లోపల పిన్నులు తగులుతూనే ఉన్నాయి. తర్వాత ఆమె వైపు తిరిగి కూర్చున్నాడు.

"అది ఎక్కడికీ పోదులే అమ్మా," అన్నాడు. "నువ్వేదో చెప్పబోయావు. చెప్పు."