నొక్కడమే కదా

“బొమ్మలు గీసుకోడమే కదా, దానికేటే అలుపు?” అంది మహాలక్ష్మమ్మ, కోడలు షాపు నుంచి వచ్చి వంటింటి గడప మీద కాసేపు కూలబడినందుకు. హైమ లేచి బియ్యం కడిగింది. అత్తగారు కోపంతో అనలేదు. ఆవిడకి నిజంగానే తెలీదు.

సాలూరులో లారీలకి రేడియం స్టిక్కర్లు వేసే షాపు వాళ్లది. బోర్డు మీద పేరు భర్త ప్రమోద్‌ది. ముందు అద్దం మీద దేవుడి పేరు, వెనక తలుపు మీద పిల్లల పేర్లు, డీజిల్ ట్యాంకు మీద నెమలో పులో, ఏది కావాలన్నా కంప్యూటర్లో గీసేది హైమే. పింకీ కడుపులో ఉన్నప్పుడు ఊరికే కూర్చోలేక నేర్చుకుంది. నెమలి ఈకలొక పొర, మెడ ఒక పొర, అక్షరాలొక పొర, వాటి నీడ ఇంకో పొర. పొరలు విడివిడిగా ఉన్నంతవరకే పేరైనా గీతైనా మార్చుకోడానికి వీలు. కోసే మిషనుకి ఈ అందం అక్కర్లేదు. ఒకదాని మీద ఒకటున్న గీతలన్నిటినీ అది కోసుకుంటూ పోతే స్టిక్కరు ముక్కలైపోతుంది. అందుకని లోపలి గీతలు చెరిపి, పొరలన్నీ కలిపి, చివరికి ఒక్క వెక్టర్‌గా, ఒకే చుట్టుగీతగా మిగల్చాలి. ఆ కలపడమంతా చేత్తోనే. కళ్లు లాగేసేవి, మెడ పట్టేసేది. మధ్యలో ఇంటికి పరిగెత్తి మావగారికి అన్నం పెట్టి రావాలి.

ఆ వేసవిలో ప్రమోద్ విశాఖపట్నం నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ తెచ్చాడు.

“ఇటు సూడు” అని ఒక బటన్ నొక్కాడు. పొరలన్నీ వాటంతట అవే కలిసిపోయాయి. హైమ తెరకి దగ్గరగా వంగింది. అది ఎక్కడైనా తప్పు చేసి ఉంటే బావుణ్ణని వెతికింది. ఈకల చివర్లు, అక్షరాల సున్నాలు, అన్నీ సరిగ్గా ఉన్నాయి.

“ఎలగుంది?”

“బాగుంది.”

అబద్ధం కాదు. ఆ కలిపే పనంటే ఆమెకి మొదట్నుంచీ చిరాకే. ఇంక మధ్యాహ్నాలు కొత్త బొమ్మలు గీసుకోవచ్చు, తాబేలు బొమ్మ ఒకటి ఎప్పట్నుంచో మనసులో ఉంది, అనుకుంటూ ఉండగానే ప్రమోద్ అన్నాడు: “ఇంక నువ్వు షాపుకి రానక్కర్లేదు. నొక్కడమే కదా, తమ్ముడు నొక్కేస్తాడు. ఇంటికాడ హాయిగా ఉండు.”

ఆ హాయిని భోజనాల దగ్గరే పంచేశారు. పింకీని బడికి దింపడం, తేవడం. అత్తగారి మోకాళ్లకి నూనె. “అంట్లు తోమే జగ్గమ్మని కూడా మానిపించీయొచ్చు” అంది మహాలక్ష్మమ్మ, తృప్తిగా. హైమ మావగారికి మజ్జిగ పోసింది. ఆమెకి ఏడుపు రాలేదు. తను మెడ పట్టుకుని మూలిగేది కాబట్టి, ఆ మూలుగున్న చోటే తన పని ఉందనుకున్నారు వీళ్లు. మూలగకుండా, అన్నం సంగతి కూడా మర్చిపోయి గీసిన నెమళ్లు కంప్యూటర్లో వాటికవే మొలిచాయనుకున్నారు. అలా అనుకోడానికి తను కూడా ఎప్పుడూ అడ్డు చెప్పలేదు.

“మరి కొత్త బొమ్మలెవరు గీస్తారు?” అని అడిగింది.

“ఉన్నాయి కదా బోల్డు. పేర్లు మార్చుకుంటే సరిపోతాది” అన్నాడు ప్రమోద్, చేయి కడుక్కుంటూ.

మర్నాటి నుంచి మరిది కళ్యాణ్‌కి పని నేర్పింది. కుర్రాడు మంచివాడే. “నొక్కడం వచ్చీసింది వదినా. మరి గీయడమో?” అన్నాడు ఒకసారి. “మీ అన్నయ్యనడుగు” అంది హైమ. అన్నయ్యని అడిగేంత ధైర్యం అతనికి లేదు.

పార్వతీపురంలో సైన్ బోర్డుల షాపు నడిపే కూర్మమ్మ, హైమ గీసిన పులిని ఏ లారీ మీదో చూసి, మనిషిని వాకబు చేసి, తన షాపులో పనికి రమ్మని అంతకుముందే ఒకసారి ఫోన్ చేసింది. అప్పుడు “కుదరదు పిన్నీ” అన్న హైమ, ఇప్పుడు తనే చేసింది.

“నిజంగా వస్తావేటే?”

“వస్తాను.”

సోమవారం పొద్దున్న వంట ముగించి, జడ వేసుకుని, బ్యాగు భుజాన తగిలించుకుంది. ప్రమోద్ పేపర్లోంచి తలెత్తాడు.

“ఎక్కడికి?”

“పార్వతీపురం. కూర్మమ్మగారి షాపులో చేరాను. సాయంత్రం బస్సుకి వచ్చేస్తాను.”

“ఇంటికాడ పనేటవుతాది?” వంటింట్లోంచి అత్తగారి గొంతు.

“జగ్గమ్మని మానొద్దన్నాను అత్తయ్యా. పింకీని కళ్యాణ్ దింపుతానన్నాడు.”

ప్రమోద్‌కి కోపం రావడానికి ముందు షాపు గుర్తొచ్చింది. “మరి మన డిజైన్ల సంగతో?”

హైమ చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

“కలిపేసినవన్నీ మీ కంప్యూటర్లోనే ఉంచానండి, కోసుకోండి. వాటిలో పేర్లు మారవు. పొరలున్నవి నేను గీసినవి. నాతో తీసుకెళ్తన్నాను.”