నమ్మ షెడ్డు

కింది కుళాయి విప్పగానే రేడియేటర్‌లోని నీళ్ళు డికాషన్ రంగులో బేసిన్‌లోకి దూకాయి. ప్రభుదాసు రెండు వేళ్ళు అడ్డంపెట్టి ఆ నీటిని నలిపి చూశాడు. గరుకుగా తగిలింది.

"అయిపోయిందిలే నీ పని," అన్నాడు, పక్కన మనిషితో అన్నట్టే.

పాత అంబాసిడర్ ముందు చక్రాల మధ్య అట్టముక్క పరుచుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడతను. బక్కమనిషి. నుదుటి మీద జుట్టు వెనక్కి జరిగిపోయింది. ముంజేతుల నిండా కరిగిన టంకం చింది కాలిన చిన్న చిన్న తెల్ల మచ్చలు, ఎవరో బియ్యం చల్లినట్టు. ఖాకీ చొక్కా జేబు చిరిగితే భార్య మార్త నీలం దారంతో కుట్టింది. ఆమె పనిచేసే నర్సింగ్ హోములో దొరికిన దారం అది.

నీళ్ళు ఆగాక పైహోసు, కిందిహోసు పీకి, చెవుల బోల్టులు విప్పి, రేడియేటర్‌ను గుండెకానించుకుని బయటికి లాగాడు. ఇత్తడి సామాను, పసిబిడ్డంత బరువు. దాన్ని గోడకు ఆనించి నిలబెట్టి కాసేపు చూశాడు. పైట్యాంకు మూల మీద, నడుమ, అడుగున టంకం మచ్చలు. అన్నీ తన చేతివే. ఒక్కో మచ్చా ఎప్పుడు పెట్టాడో చెప్పగలడు. ఇది షెడ్డు యజమాని మునినారాయణప్ప కూతురి పెళ్ళికి ముందు. ఇది వాళ్ళ నాయన చిక్కమునియప్ప పోయిన ఏడు, శవం వెనకాల ఈ బండే నడిచింది.

ఇంకో మచ్చ పెడితే ఇంకో ఏడాది లాగుతుందని నిన్న కూడా చెప్పాడు. మునినారాయణప్ప తల అడ్డంగా ఊపాడు. శివాజీనగర్ గుజరీలో కొన్న కొత్త మోడల్ కారు రేడియేటర్‌ను ఆటోలో తెచ్చి దించాడు. సాయంత్రానికల్లా బండి నడవాలి అన్నాడు. ఎందుకో చెప్పలేదు.

ప్రభుదాసు అడగలేదు. అతనికి ఆ అలవాటు లేదు. పొద్దున క్యారియరుకు మూత బిగిస్తూ మార్త చేసిన గొడవంతా దాని గురించే.

"ఈ పొద్దయినా నోరు తెరిచి అడుగయ్యా. చెరువు రోడ్డు వరస మొత్తం చేతులు మారిపోతాండాదని మా నర్సులంతా చెప్పుకుంటాండారు."

"నర్సులకేం తెలుసు. నమ్మ షెడ్డు అమ్మేటట్లుంటే నాకు చెప్పకుండా అమ్ముతాడా?"

"మళ్ళా నమ్మ. ఆ ఒక్క మాటకే కదా నీ బతుకంతా పోసినావు."

ఆ మాట వెనక కథ ఒకటుంది. మదనపల్లె నుంచి రాగిమూతి టంకపు కడ్డీ ఒకటి సంచిలో పెట్టుకుని వచ్చిన కొత్తలోనే ప్రభుదాసు బెంగళూరు పక్క వర్తూరులో ఈ షెడ్డులో చేరాడు. పెళ్ళయి, కూతురు జెస్సీ పుట్టాక హెబ్బగోడి దగ్గర ఒక సర్వీస్ సెంటరు వాళ్ళు పిలిచారు. యూనిఫాం, పీఎఫ్, ఆదివారం సెలవు. ఆదివారం సెలవంటే మార్తకు గుడికి మొగుడితో కలిసి వెళ్ళడం. ఆ సంగతి చెబుదామని వెళితే మునినారాయణప్ప భుజం మీద చేయి వేసి, "ఇదు నమ్మ షెడ్డు కణో. నమ్మ షెడ్డు బిట్టు ఎల్లి హోగ్తీయ?" అన్నాడు.

ప్రభుదాసు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంటికొచ్చి భార్యతో తెలుగులో చెప్పాడు: "మన షెడ్డు వదిలిపెట్టి యాడికి పోతావురా అన్నాడు మార్తా."

మార్త చంటిదాన్ని జోకొడుతూనే అడిగింది. "మన అన్నాడా? మా అన్నాడా?"

"నమ్మ అన్నాడు."

"కన్నడంలో రెండిటికీ అదే మాట కదా. ఆయప్ప యాది అనుకోని అన్నాడో అడిగినావా?"

అడగలేదు. అడిగే మాటా అది? ఆ మనిషి చెయ్యి ఎంతసేపు భుజం మీద ఉందో తనకు తెలుసు. అప్పటి నుంచి షెడ్డు తాళం రెండో చెవి ప్రభుదాసు మొలతాడుకే ఉంది. ఆయుధపూజ రోజు మునినారాయణప్ప పానాలకూ జాకీలకూ కుంకుమ పెడుతుంటే ప్రభుదాసు గడప అవతల నిలబడేవాడు. పూజయ్యాక అందరికంటే ముందు అతనికే దోసెడు బొరుగులు పోసి, "నమ్మ ప్రభు క్రిస్తుమసుగె కేకు తరబేకు," అని, క్రిస్మసుకు కేకు తేవాలని నవ్వేవాడు. ఆ 'నమ్మ' కూడా మన అనే విన్నాడు. ఎవరు మాత్రం ఇంకోలా వింటారు?

ఒక్క సంగతి మాత్రం అతనెప్పుడూ పట్టించుకోలేదు. మునినారాయణప్ప ఇంట్లో మాట్లాడేది తెలుగు. పెళ్ళాంతో, అన్నదమ్ములతో, పొలం పంచుకున్న దాయాదులతో తెలుగు. షెడ్డులో అడుగు పెడితే కన్నడం. వాళ్ళ నాయన పద్ధతీ అదే. ఇంటివాళ్ళతో ఒక భాష, పనివాళ్ళతో ఒక భాష.

కొత్త రేడియేటర్ అట్టపెట్టె లేకుండా వచ్చింది. అల్యూమినియం జాలీ, రెండు వైపులా నల్ల ప్లాస్టిక్ ట్యాంకులు. ఒక చేత్తో ఎత్తితే వచ్చేసింది. ప్రభుదాసు దాన్ని తట్టి విన్నాడు. చచ్చు చప్పుడు. ఇలాంటిది కారితే టంకం అంటదు, పారేయడమే. పాతదానికంటే పొట్టి, వెడల్పెక్కువ. బోల్టులు బిగించే చెవుల్లేవు. అడుగున రెండు ముక్కులున్నాయి, రబ్బరు గుంటల్లో కూర్చోవడానికి. పాత బండిలో ఆ గుంటలు లేవు.

మూలనున్న ఇనుప యాంగిల్ కోసి, రంధ్రాలు పొడిచి, బండి చాసిస్‌కు అడ్డంగా ఒక పీట బిగించాడు. అందులో రబ్బరు బుష్షులు దూర్చాడు. కూర్చోబెట్టి చూస్తే ఎడమవైపు అంచు హెడ్‌లైటు రేకుకు రాసుకుంది. రేకును సుత్తితో కొద్దిగా లోపలికి మడిచాడు. కొత్తది కూర్చోవాలంటే పాతది కాస్త జరగాలి, తప్పదు. హోసుల మూతులు కలవలేదు. ఇంజను వైపు లావు, కొత్తదాని వైపు సన్నం. సన్నమూతికి చిన్న హోసుముక్క తొడిగి, దాని మీదికి లావుది ఎక్కించాడు. జాలీ పలచగా ఉంది కాబట్టి ఫ్యానుకూ దానికీ దూరం పెరిగింది. ఆయిలు డబ్బా రేకు కత్తిరించి ఫ్యాను చుట్టూ గొడుగులా కట్టాలి. లేకపోతే గాలి లాగదు.

ఆ రేకు కొలుస్తూ బానెట్ కింద తల దూర్చి ఉండగా బయట కారు ఆగింది. మునినారాయణప్ప గొంతు వినబడింది. దాని పక్కన ఒక కుర్ర గొంతు.

"రండి రండి వినయ్‌గారూ. చూడండి, ఎంత ఎత్తుండాదో."

ప్రభుదాసు చేయి ఆగింది. షెడ్డులో ఆ మనిషి నోట తెలుగు వినడం అదే మొదలు.

"హైట్ చాలా బాగుందంకుల్," అన్నాడు వినయ్. "రూఫ్ ఇలాగే ఉంచేస్తాం. లోపల టేబుల్స్, అక్కడ కాఫీ కౌంటర్. ఆ గ్రీజు మరకలు కూడా కొన్ని ఉంచుదామంటోంది మా డిజైనర్. ఒరిజినల్ లుక్ పోకూడదని."

"మా నాయన కట్టించిందండీ. మా షెడ్డు చూసినోళ్ళంతా అదే మాటంటారు. ఈ బండీ మాదే. మా నాయన హొసకోట సంతకు ఇందులోనే పోయేటోడు. మా చేత్తోనే ఇన్నాళ్ళూ కాపాడుకున్నాం."

మా షెడ్డు. మాదే. మా చేత్తో.

ప్రభుదాసు తన చేతుల వంక చూసుకున్నాడు. రేకు అంచు ఎప్పుడు కోసుకుందో, బొటనవేలి కింద సన్నగా నెత్తురు గీత.

"ఓపెనింగ్ రోజు ఈ కారు నేనే డ్రైవ్ చేసుకుంటూ రావాలంకుల్. నడుస్తుంది కదా?"

"సాయంత్రానికి రెడీ. మా మెకానిక్ చేస్తాండాడు కదా."

వినయ్ బానెట్ పక్కకు వచ్చి తొంగి చూశాడు. నీటుగా గడ్డం కత్తిరించుకున్న కుర్రాడు, ముఖంలో కల్మషం లేదు. "నమస్తే అండీ. మీ గురించి అంకుల్ చెప్పారు. వచ్చే నెల మీరు ఊరెళ్ళి సెటిలైపోతున్నారట కదా? మదనపల్లేనా? లక్కీ అండీ మీరు. ఈ ట్రాఫిక్ తప్పుతుంది."

ప్రభుదాసు మునినారాయణప్ప వైపు చూశాడు. ఆయన గోడ మీద తండ్రి ఫోటోకు వేలాడుతున్న ఎండు దండను సరిచేస్తున్నాడు. తిరగకుండానే, "ఆమేలె మాతాడోణ ప్రభూ," అన్నాడు. తర్వాత మాట్లాడుకుందామని. మాట మళ్ళీ కన్నడంలోకి వచ్చేసింది, గుమ్మం దాటొచ్చినంత సులువుగా.

"ఊఁ," అన్నాడు ప్రభుదాసు, వినయ్‌తో.

వాళ్ళు వెళ్ళాక రేకు పని ముగించాడు. క్యారియరు విప్పితే రాగిసంగటి, ఉలవచారు. వేలితో సంగటి మధ్య గుంత చేసి చారు పోసుకుని, ఆ గుంతలోకే చూస్తూ కూర్చున్నాడు. ఫోను మోగింది.

"తిన్నావా?" అంది మార్త.

"తింటాండా."

"అడిగినావా?"

"ఇంకా బండి కింద ఉండాను మార్తా."

అవతల ఎవరో రోగి ఆయమ్మా అని పిలుస్తున్నారు. "నీ గొంతు అట్లుండాదేంది?" అంది.

"సంగటి అడ్డం పడింది."

"నీళ్ళు తాగు," అని పెట్టేసింది. ఆమెకు అర్థమయ్యిందని అతనికి తెలుసు. ఇంట్లో ఈ రాత్రి ఆమె ఒక్క ఎత్తిపొడుపు మాట కూడా అనదు. అదే ఎక్కువ కష్టంగా ఉంటుంది.

చివరి పని మూత. కొత్త రేడియేటర్‌తో వచ్చిన మూత ఎక్కువ ఒత్తిడి పట్టి ఉంచుతుంది. పాత బండి హోసులు అంత ఒత్తిడికి ఓర్చుకోలేవు, ఎక్కడో ఒకచోట పగులుతాయి. పాత రేడియేటర్ మూత దీనికి పట్టలేదు. డ్రాయరంతా వెతికి, తక్కువ ఒత్తిడికి వదిలేసే మూత ఒకటి పట్టి బిగించాడు. కూలెంటు పోసి, ఇంజను తిప్పి, గాలి బుడగలు పోయేదాకా హోసును పిసుకుతూ నిలబడ్డాడు. ఇంజను వేడి చూపే ముల్లు మెల్లగా లేచి నడుమకు వచ్చి ఆగింది. అతను చూస్తూనే ఉన్నాడు. అది పైకి పోలేదు.

పొద్దు వాలుతుండగా మునినారాయణప్ప ఒక్కడే వచ్చాడు. ఇంజను చప్పుడు విని ముఖం విప్పారింది. "నమ్మ ప్రభు కై ఇట్టరె ముగీతు," అన్నాడు. ప్రభు చేయి పెడితే ఇంక తిరుగులేదని.

ప్రభుదాసు ఇంజను ఆపాడు. పాతగుడ్డతో ఒక్కో వేలూ తుడుచుకున్నాడు.

"అన్నా, నాకొక మాట తెలుగులో చెప్తావా?"

"ఏను?"

"నమ్మ షెడ్డు, నమ్మ షెడ్డు అంటా వచ్చినావు. మన షెడ్డా అది, మా షెడ్డా? ఒక్కతూరి తెలుగులో చెప్పు."

మునినారాయణప్ప నోరు తెరిచాడు. పెదవులు కలవబోయి ఆగాయి. రెండు మాటలూ మొదలయ్యేది ఒకే అక్షరంతో. ఆయన చూపు బండి మీదికి, గోడ మీది ఫోటో మీదికి, మళ్ళీ నేల మీదికి పోయింది.

"ఈగ యాకో అదెల్లా?" అన్నాడు చివరికి. ఇప్పుడెందుకురా అదంతా. "నమ్మదే అంత హేళిద్దీనల్వా." నమ్మదే అని చెప్పినాను కదా అని.

ప్రభుదాసు తల ఊపాడు. మొలతాడు నుంచి తాళంచెవి విప్పి బానెట్ మీద పెట్టాడు. అది రేకు మీద చిన్నగా మోగింది.

మునినారాయణప్ప దాన్ని చూడనట్టే, గోడ వైపు చేయి చూపాడు. షెడ్డుల్లో ఒక ఆచారం ఉంది. విప్పిన పాత సామాను విప్పినవాడిది. అందులోనూ ఇత్తడి. "హళే రేడియేటరు తగొండు హోగు. అదు నిందే." పాత రేడియేటరు తీసుకుపొమ్మని.

నిందే. నీదే. ఆ మాటకు కన్నడంలోనూ రెండర్థాలు లేవు. ఇన్నేళ్ళలో అంత విడమరిచి ఆయన చెప్పిన మాట అదొక్కటే.

ప్రభుదాసు టంకపు కడ్డీని గుడ్డలో చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. క్యారియరు తీసుకున్నాడు. మొహం కడుక్కుని, "వస్తానన్నా," అన్నాడు. రోజూ అనే మాటే. మునినారాయణప్ప ఫోను చెవికి పెట్టుకుని, చేయి ఎత్తి ఊపాడు.

చెరువు వాసన రోడ్డు మీదికి వస్తోంది. బస్సుస్టాపు దాకా నడిచాక ప్రభుదాసు ఆగిపోయాడు. కిందిహోసు క్లిప్పు. దాన్ని ఆఖరి చుట్టు బిగించాడా? వినయ్ వచ్చేముందు రేకు కొలవడానికి స్క్రూడ్రైవరు కింద పెట్టాడు. మళ్ళీ తీశాడా? గుర్తు రాలేదు. బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు అతన్ని తోసుకుంటూ ఎక్కారు. ఆ కుర్రాడు ఓపెనింగ్ రోజు నలుగురినీ ఎక్కించుకుని బండి తోలుతాడు. హోసు ఊడితే మరిగే నీళ్ళు రోడ్డు మీద చిమ్ముతాయి. చిమ్మనీ, అనుకున్నాడు. మా బండి, మా హోసు. బస్సు కదిలింది. అతను వెనక్కి తిరిగి నడిచాడు.

షెడ్డు తలుపు ఇంకా వేయలేదు. మునినారాయణప్ప బయట రోడ్డు మీద నిలబడి ఎవరితోనో నవ్వుతూ తెలుగులో మాట్లాడుతున్నాడు. ఇతన్ని చూడలేదు. ప్రభుదాసు అట్టముక్క లాక్కుని బండి కింద దూరాడు. చేయి పోనిచ్చి క్లిప్పు పట్టుకున్నాడు. గట్టిగానే ఉంది. పొద్దునే, ఏమీ తెలియకముందే, బిగించేశాడు. అయినా ఇంకో పావుచుట్టు తిప్పాడు. బయటికి వచ్చి, అట్టముక్క దులిపి మూల పెట్టి, పక్కదారి నుంచి వెళ్ళిపోయాడు.

గోడ దగ్గర పాత ఇత్తడి రేడియేటర్ అలాగే ఆనుకుని ఉంది. లోపలెక్కడో మిగిలిన నీళ్ళు ఒక్కో బొట్టుగా సిమెంటు నేల మీదికి దిగుతున్నాయి, టంకం మచ్చల్లో వేటి నుంచీ కాదు, ఎవరూ ముట్టని ఒక కొత్త చోటి నుంచి.