పట్టిపెట్టిన కుర్చీ

అరవై దాటాక అక్షరాలు దిద్దుకున్నదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా జారిపోతే సర్దుకుని చదవండి. ఈ కాస్తా రాయడానికి నాకు నెల పట్టింది.

ఆ రోజు విహారయాత్ర ఓడ ఏ రేవులోనూ ఆగదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా సముద్రం మీదే. సముద్రం ఇస్త్రీ చేసిన దుప్పటిలా పరుచుకుని ఉంది. పై డెక్కు మీద ఈతకొలను చుట్టూ పడక కుర్చీలు బారులు తీరి ఉన్నాయి. జనం వాటిలో వాలి ఎండకు ఒళ్ళు ఆరబెట్టుకుంటున్నారు. ఎక్కడినుంచో పాటలు సన్నగా వస్తున్నాయి.

అక్కాచెల్లెళ్ళిద్దరిలో అక్క మాత్రం నిటారుగా కూర్చుంది. పక్క కుర్చీలో చెల్లెలు, ముఖం మీద టోపీ బోర్లించుకుని. మూడో కుర్చీలో చెల్లెలి మొగుడు ఉండాలి. లేడు. అతని తువాలు ఉంది. తువాలు మీద చెప్పుల జత, వాటి పక్కన కళ్ళజోడు.

ఆ ఓడలో అదో అలవాటు. నీడపట్టున కుర్చీ దక్కాలంటే తెల్లవారగానే పైకి వచ్చి తువాలు పరిచి, దాని మీద సొంత వస్తువేదైనా పెట్టి పోవాలి. అలా పట్టిపెట్టిన కుర్చీని సాయంత్రం దాకా ఎవరూ ముట్టుకోరు. మనిషేడీ అని ఎవరూ అడగరు. నాలుగు రోజుల్లో మరిది ఆ విద్యలో ఆరితేరాడు.

"మీ ఆయన టిఫిన్‌కి కూడా రాలేదేమే?" అంది అక్క.

"పేకాట గదిలో ఉంటాడు. ముక్కలు చేతిలో పడితే ఆయనకి నేనే గుర్తుండను, ఇంక ఇడ్డెన్లేం గుర్తుంటాయి?"

"కళ్ళజోడు ఇక్కడే ఉందిగా!"

"చలువ కళ్ళద్దాలు ఇంకో జత ఉన్నాయిలే. అబ్బ, మొదలెట్టావా! నిన్న తుపాను వస్తుందన్నావు, మొన్న లిఫ్టు తెగుతుందన్నావు. నీతో ఊరేగింపుకి వెళ్ళినా పాడె కట్టే కర్రలు లెక్కపెడతావు."

అక్క ముప్పై ఏళ్ళు బడిలో ఆయాగా చేసిన మనిషి. బస్సు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పిల్లల తలలు లెక్కపెట్టడం ఆమెకి ఊపిరి తీసుకున్నంత మామూలు. ఇప్పుడూ మూడు కుర్చీలకి రెండు తలలే తేలుతున్నాయి. అయినా చెల్లెలి సరదా పాడుచేయడం ఎందుకులే అనుకుంది.

పదకొండయింది. కొలనులో ఒకాయన పిల్లల్ని వీపు మీద ఎక్కించుకుని ఈదుతున్నాడు. మైకులో ఎవరో హౌసీ ఆట అంకెలు చదువుతున్నారు. అక్క కాళ్ళు సాగదీసే వంకతో లేచి పేకాట గదికి వెళ్ళింది. అక్కడ నలుగురే ఉన్నారు, మరిది లేడు. కాఫీ దుకాణంలో లేడు. పుస్తకాల గదిలో లేడు. భోజనాల వేళకి చెల్లెలే చుట్టూ చూసింది.

"ఎక్కడ చచ్చాడీ మనిషి?" అని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది.

భోజనం కాగానే చెల్లెలు గది చూసొస్తానని కిందికి వెళ్ళింది. అక్క కుర్చీ దగ్గరికి తిరిగి వచ్చి కళ్ళజోడు చేతిలోకి తీసుకుంది. అద్దాల మీద తెల్లగా ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. చెప్పులు పట్టుకుంటే అట్టల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. కొలనులోవి మంచినీళ్ళే, మరి ఈ ఉప్పు ఎక్కడిది? పైగా మరిది చెప్పులు ఎప్పుడూ కుర్చీ కిందే విడుస్తాడు. తెల్ల తువాలు మీద పెట్టడు.

తువాళ్ళు ఇచ్చే ఆయన బండి తోసుకుంటూ వచ్చాడు. పెద్దవయసు మనిషి, నవ్వు ముఖం.

"అయ్యా, మా మరిది పొద్దున ఎన్నింటికి వచ్చాడు?"

"సారు ఇవాళ రాలేదండీ. కుర్చీలు నేనే పట్టిపెట్టాను."

"మరి ఈ చెప్పులూ కళ్ళజోడూ?"

"ఓడ వెనక భాగంలో, అంచు కమ్మీల దగ్గర ఉన్నాయమ్మా. నేను తెల్లవారి డ్యూటీ ఎక్కేసరికి సముద్రపు తుంపరకి తడిసి ముద్దయి ఉన్నాయి. సారువేనని గుర్తుపట్టాను. రోజూ పలకరిస్తారు కదా! మరిచిపోయి ఉంటారు పాపం, కుర్చీలు ఇంకెవరైనా ఎగరేసుకుపోతారని నేనే తెచ్చి ఇక్కడ..."

చెప్పేదాకా అతనికీ తట్టలేదు. ముఖంలో నవ్వు మెల్లగా కరిగిపోయింది.

అక్క అతని బండి పక్కకి తోసేసింది. "పెద్దవాళ్ళని పిలువయ్యా. ఎవరుంటే వాళ్ళని. పరుగెత్తు!"

తెల్ల చొక్కా అధికారి వచ్చేసరికి చెల్లెలు కూడా పైకి వచ్చింది. గదిలోనూ లేడు.

"చివరిసారి ఎప్పుడు చూశారమ్మా?" అన్నాడు అధికారి.

"పొద్దున..." అని ఆగిపోయింది చెల్లెలు. "కాదు. పొద్దున నేను లేచేసరికే లేడు. ఆయన మంచం సర్ది ఉంది. రోజూ లేవగానే సర్దేస్తాడు. కుర్చీల కోసం వచ్చాడనుకున్నాను."

"రాత్రి?"

"కడుపులో తిప్పుతోందని మాత్ర వేసుకుని ఎనిమిదింటికే పడుకున్నాను. కాస్త గాలి పీల్చుకుని వస్తానన్నాడు. వచ్చాడో... అక్కా, వచ్చే ఉంటాడు కదే?"

అక్క ఆమె చెయ్యి పట్టుకుంది. అధికారి గోడ గడియారం వైపు చూశాడు. రెండున్నర దాటింది. చేతిలోని ఫోనులో గొంతు తగ్గించి రెండే ముక్కలు మాట్లాడాడు.

పాటలు ఆగిపోయాయి. చెల్లెలి గది నంబరూ మరిది పేరూ మైకులో వినిపించాయి. ఒకసారి, మళ్ళీ ఒకసారి. కుర్చీల్లో వాలిన వాళ్ళు ఒక్కొక్కరే లేచి కూర్చున్నారు. ఎవరూ రాలేదు.

కొలనులో నీళ్ళు ఒక పక్కకి ఒరిగి, గట్టు దాటి డెక్కు మీదికి పొర్లాయి. కుర్చీల నీడలు ఎవరో పట్టి తిప్పినట్టు నేల మీద చుట్టూ తిరిగాయి. ఓడ వెనక్కి మళ్ళుతోంది.

"ఎంత దూరం వచ్చేశామే?" అంది చెల్లెలు. "ఆ చోటు వీళ్ళకి తెలుస్తుందా?"

తెలుస్తుందనే అంది అక్క. చెల్లెల్ని నడుం చుట్టూ పట్టుకుని కమ్మీ దగ్గర నిలబడింది. ముందున్న నీళ్ళకీ, దాటి వచ్చిన నీళ్ళకీ తేడా ఏమీ లేదు.

ఇది రాసిన నేను ఇంట్లో అందరికీ బుల్లెమ్మని. డెబ్బై ఒకటో ఏడు. ఇప్పుడు మేనకోడలి ఇంట్లో, మూడో అంతస్తులో.